రానున్న సెమిస్టరులో చరిత్ర కోర్సులు : ఎంపికకు ముందు తెలుసుకోదగిన అంశాలు

హైదరాబాద్ : ప్రతి సెమిస్టరు ఆరంభానికి ముందు విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలు తాము బోధించబోయే పాఠ్యాంశాల జాబితాను ప్రకటించడం పరిపాటి. ఈ జాబితా చూడటానికి కొన్ని శీర్షికల పట్టికగానే కనిపిస్తుంది. అయితే తెలుగు నేల గతాన్ని గురించిన మూల దస్త్రాలను రేపు చదువగలవారు ఎందరుంటారన్నది చాలావరకు ఈ జాబితాపైనా, అందులో నుండి విద్యార్థులు చేసుకునే ఎంపికపైనా ఆధారపడి ఉంటుంది. ఈ నేపథ్యంలో పాత్రికేయుల, అధికారుల అవగాహన నిమిత్తం చరిత్ర కోర్సుల స్వరూపాన్ని వివరించడమైనది.

క్రెడిట్ల విధానం

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యు.జి.సి.) 2022 డిసెంబరులో విడుదల చేసిన పాఠ్యప్రణాళికా చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీకి 160 క్రెడిట్లు అవసరం. ఒక సెమిస్టరులో 15 గంటల తరగతి బోధన ఒక క్రెడిట్ అవుతుంది. అనగా నాలుగు క్రెడిట్ల చరిత్ర కోర్సుకు 60 గంటల బోధన జరగాలి. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను భద్రపరచేందుకు ఉద్దేశించిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో ప్రారంభమైంది.

కోర్సులు ప్రధానంగా రెండు విధాలు. అందరూ తప్పనిసరిగా చదువవలసినవి కోర్ కోర్సులు. విద్యార్థి తన అభిరుచి మేరకు ఎంచుకొనేవి ఐచ్ఛిక కోర్సులు. భారతదేశ చరిత్ర, ప్రపంచ చరిత్ర సాధారణంగా మొదటి కోవకు చెందుతాయి. శాసన పరిశోధన, పురావస్తు శాస్త్రం, నాణెముల అధ్యయనం, దస్త్ర భాండాగారాల నిర్వహణ, పర్యాటకం వంటివి ఎక్కువగా రెండవ కోవలో కనిపిస్తాయి.

తెలుగు రాష్ట్రాలలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం కలసిన బి.ఏ. చిరకాలంగా విద్యార్థులకు సుపరిచితం. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యాసంవత్సరంలో ఒకే ప్రధాన సబ్జెక్టు విధానాన్ని ప్రవేశపెట్టారు. మూడు సబ్జెక్టులలో ఒకటిగా చరిత్రను చదివే పద్ధతికి, దానినే ప్రధానంగా ఎంచుకొనే పద్ధతికి గల తేడా గమనింపదగినది. మొదటి పద్ధతిలో చరిత్ర ఎక్కువమందికి కొంత అందుతుంది. రెండవ పద్ధతిలో తక్కువమందికి లోతుగా అందుతుంది.

శీర్షికలలోని సంవత్సరాలు

చరిత్ర కోర్సుల శీర్షికలలో తరచుగా రెండు సంవత్సరాలు కనిపిస్తాయి. అవి కేవలం హద్దురాళ్లు కావు, ఒక దృక్పథాన్ని కూడా సూచిస్తాయి. 1526 మొదటి పానిపట్టు యుద్ధం జరిగిన సంవత్సరం. 1724 నిజాం-ఉల్-ముల్క్ దక్కనులో స్వతంత్రాధికారాన్ని నెలకొల్పిన సంవత్సరం. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాయి.

తెలుగు ప్రాంతాలన్నింటికీ ఒకే కాలవిభజన సరిపోదన్నది ఇక్కడ ముఖ్యాంశం. ఉత్తర సర్కారులను నిజాం 1766 నాటి ఒడంబడిక ద్వారా ఈస్టిండియా కంపెనీకి అప్పగించారు. నేటి రాయలసీమ ప్రాంతం 1800లో దత్తమండలాల పేరిట కంపెనీ అధీనంలోకి వచ్చింది. తెలంగాణ 1948 వరకు నిజాము పాలనలో కొనసాగింది. అందుచేత 'ఆధునిక యుగం' అన్న ఒకే శీర్షిక కింద మూడు వేర్వేరు పాలనా వ్యవస్థలను అధ్యయనం చేయవలసి ఉంటుంది. ఆయా వ్యవస్థలు విడిచివెళ్లిన దస్త్రాల భాషలు సైతం వేర్వేరు.

ఆధారాల భాష

చరిత్ర రచనకు పునాది మూలాధారాలు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని శాసనాలు ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. వాటిలో కొంత భాగం ఒక పంక్తి ఎడమ నుండి కుడికి, తరువాతి పంక్తి కుడి నుండి ఎడమకు సాగడం విశేషం. కడప జిల్లా కలమళ్లలోని రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని, తెలుగులో లభించిన తొలి శాసనమని పండితులు పరిగణిస్తున్నారు. కల్నల్ కాలిన్ మెకంజీ కావలి సోదరుల సహాయంతో సేకరించిన గ్రామ కైఫియత్తులు తెలుగులో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కలెక్టర్ల దస్త్రాలు అధికంగా ఇంగ్లీషులో ఉన్నాయి.

హైదరాబాదు సంస్థానంలో 1880ల వరకు పారశీకం పాలనా భాషగా ఉండి, అటుపిమ్మట ఉర్దూ ఆ స్థానాన్ని పొందింది. హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర దస్త్ర భాండాగారంలో నాలుగు కోట్లకు పైగా పత్రాలు ఉండగా, వాటిలో అత్యధిక భాగం పారశీక, ఉర్దూ భాషలలో ఉన్నాయి. 1406 నాటి బహమనీ సుల్తాను ఫిరోజ్ షా ఫర్మానా వీటిలో అతి ప్రాచీనమైనది. షాజహాను, ఔరంగజేబుల కాలాలకు చెందిన దక్కను పాలనా పత్రాలు కూడా ఇక్కడ భద్రంగా ఉన్నాయి.

ఈ భాషలు తెలిసిన విద్వాంసులు పూర్వం మన విశ్వవిద్యాలయాలలో ఉండేవారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్రను బోధించిన ఆచార్య హరూన్ ఖాన్ షేర్వానీ బహమనీ, కుతుబ్ షాహీ వంశాలపై ప్రామాణిక గ్రంథాలు రచించారు. మల్లంపల్లి సోమశేఖర శర్మ శాసనాల ఆధారంగా రెడ్డి రాజ్యాల చరిత్రను వెలికితీశారు. సురవరం ప్రతాపరెడ్డి కావ్యాలనే ఆధారాలుగా గ్రహించి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను 1949లో వెలువరించారు. ఈ మువ్వురి కృషికీ మూలాధారాలను స్వయంగా చదువగలిగిన శక్తియే ప్రాతిపదిక.

ఐచ్ఛిక కోర్సులకు ఎదురయ్యే చిక్కు

ఐచ్ఛిక కోర్సు జాబితాలో ఉన్నంత మాత్రాన దాని బోధన జరుగుతుందన్న హామీ లేదు. చేరిన విద్యార్థుల సంఖ్య చాలకపోయినా, తగిన అధ్యాపకుడు లభించకపోయినా ఆ సెమిస్టరుకు దానిని నిలిపివేయవచ్చు. లిపి, భాష అవసరమైన కోర్సులకే ఈ ఇబ్బంది ముందుగా ఎదురవుతుంది. విద్యార్థులు లేనందున కోర్సు ఆగుతుంది. కోర్సు ఆగినందున తరువాతి తరానికి అధ్యాపకులు తయారుకారు. ఒకసారి తెగిన ఈ పరంపరను తిరిగి కలపడానికి ఒక సెమిస్టరు కాలం చాలదు.

పోటీ పరీక్షల ప్రభావం కూడా ఎంపికపై ఉంది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూపు-2 పరీక్షలో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావంపై ప్రత్యేకంగా ఒక పేపరు ఉంది. ఆంధ్రప్రదేశ్ గ్రూపు-2 పరీక్షలో రాష్ట్ర సాంఘిక, సాంస్కృతిక చరిత్రకు స్థానం కల్పించారు. తత్ఫలితంగా ప్రాంతీయ చరిత్ర కోర్సులకు ఆదరణ లభించడం హర్షణీయమే. అయితే పరీక్షకు పనికివచ్చే చరిత్రను సైతం ఎవరో ఒకరు మూల దస్త్రాల నుండి చదివి వ్రాయవలసిందే.

పాలనకు గల సంబంధం

ఈ విషయం పండితులకు మాత్రమే పరిమితమైనది కాదు. నిజాము కాలపు జాగీర్లు 1949లో రద్దయినప్పటికీ ఇనాము, జాగీరు భూములకు సంబంధించిన వివాదాలు నేటికీ న్యాయస్థానాల ముందుకు వస్తూనే ఉన్నాయి. ఆ సందర్భాలలో ముంతఖబుల వంటి పాత పత్రాల నకళ్ల కోసం, వాటి నిర్ధారణ కోసం దస్త్ర భాండాగారాన్ని ఆశ్రయించవలసి వస్తుంది. పత్రం అసలుదో నకిలీదో తేల్చడానికి దాని భాష, లిపి, ముద్ర, తేదీ వ్రాసే పద్ధతి తెలిసినవారు అవసరం. దస్త్రాలను డిజిటల్ రూపంలోకి మార్చినంత మాత్రాన ఈ అవసరం తీరదు. కంప్యూటరు తెరపై కనిపించే పత్రాన్ని కూడా మనిషే చదివి అర్థం చెప్పాలి.

కాబట్టి రానున్న సెమిస్టరు జాబితాలను పరిశీలించే పాత్రికేయులు కోర్సుల సంఖ్యతో సరిపెట్టుకొనక, గత సెమిస్టరులో ప్రకటించిన ఐచ్ఛిక కోర్సులలో ఎన్నింటిని వాస్తవంగా బోధించారు, ఆధార భాషలకు సంబంధించినవి ఎన్ని, వాటిలో ఎందరు విద్యార్థులు చేరారు అన్న వివరాలను కూడా సేకరించడం ప్రయోజనకరం. విద్య, రెవెన్యూ, పురావస్తు, దస్త్ర భాండాగార శాఖల అధికారులు తమ శాఖలకు ఏ నైపుణ్యం గలవారు ఎందరు అవసరమో విశ్వవిద్యాలయాలకు ముందుగా తెలియజేసినట్లయితే, ఆ కోర్సులలో చేరే విద్యార్థికి ఉపాధిపై భరోసా, వాటిని కొనసాగించడానికి విశ్వవిద్యాలయానికి తగిన కారణం లభిస్తాయి.