ఆ పెద్ద దీపం అమ్మా? నాన్నా?

రెండు నిమిషాల కంప్యూటర్ బొమ్మల చిత్రం చూసి ఒక శాస్త్రజ్ఞుడు వేసిన ప్రశ్న

అందులో మాటలు లేవు, పాటలు లేవు. కన్నూ ముక్కూ నోరూ ఉన్న పాత్ర ఒక్కటీ లేదు. ఉన్నవల్లా రెండు టేబుల్ లైట్లు, రెండు బంతులు. నిడివి రెండు నిమిషాలు. 1986 ఆగస్టులో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఈ చిత్రాన్ని చూసిన సుమారు 6,000 మంది, ఆట పూర్తి కాకముందే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

వారు టికెట్టు కొనుక్కుని వినోదానికి వచ్చిన ప్రేక్షకులు కారు. కంప్యూటర్లతో బొమ్మలు గీయించే విద్యలో ఆరితేరినవారు. ఏటా జరిగే 'సిగ్‌గ్రాఫ్' సదస్సుకు వచ్చిన ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు. తెర మీద ఏది కనిపించినా 'దీన్ని ఎలా చేశారు?' అని ఆరా తీసే రకం. అటువంటివారిని కూడా ఆ రెండు నిమిషాలు పసిపిల్లల్ని చేసేశాయి.

చిత్రం పేరు 'లక్సో జూనియర్'. దర్శకుడు జాన్ లాసెటర్. తీసిన సంస్థ పిక్సార్.

కథ చీమంత

నల్లని తెర ముందు చెక్క నేల. దాని మీద ఒక పెద్ద దీపం నిలబడి ఉంటుంది. ఎక్కడి నుంచో ఒక బంతి దొర్లుకుంటూ వస్తుంది. పెద్ద దీపం మెడ వంచి చూసి, దాన్ని వెనక్కి నెడుతుంది. బంతి మళ్లీ వస్తుంది. ఈసారి దాని వెనుకే ఒక బుల్లి దీపం గెంతుతూ వస్తుంది. బంతి మీదికి ఎక్కి కుప్పిగంతులు వేస్తుంది. బంతి కాస్తా గాలి పోయి చప్పబడుతుంది. బుల్లి దీపం తల వేలాడేసుకుని మెల్లగా వెళ్లిపోతుంది. ఇంతలో ఇంకా పెద్ద బంతి ఒకటి దొర్లుకొస్తుంది. దాని వెనుక మళ్లీ అదే బుల్లి దీపం! పెద్ద దీపం మన వైపు తిరిగి 'వీడితో వేగలేం' అన్నట్టు తల ఊపుతుంది. అంతే కథ.

పిల్లలున్న ప్రతి ఇంట్లో రోజూ జరిగేదే ఇది. అందుకే డల్లాస్‌లోని ఇంజనీర్లకు అది ఇనుప దీపం అన్న సంగతి గుర్తుకు రాలేదు.

ఎదురుచూసిన ప్రశ్న వేరు

ఆట అయ్యాక లాసెటర్ దగ్గరికి జిమ్ బ్లిన్ వచ్చారు. ఈయన సామాన్యుడు కాడు. వాయేజర్ అంతరిక్ష నౌకలు గ్రహాల పక్కనుంచి సాగిపోయే తీరును కంప్యూటర్ బొమ్మలుగా చూపించి పేరు పొందిన శాస్త్రజ్ఞుడు. ఆయన వస్తుంటే లాసెటర్‌కు గుండె దడ పుట్టింది. నీడల లెక్క గురించి అడుగుతారని అనుకున్నారు. ఆ లెక్కలు కట్టింది తోటి ఇంజనీర్లు. లాసెటర్ బొమ్మలు వేసే కళాకారుడు.

నీడల గురించి అడిగినా తప్పులేదు. ఆ రోజుల్లో అది పెద్ద విశేషమే. ఈ చిత్రంలో వెలుగునిచ్చేవీ దీపాలే, నీడ వేసేవీ దీపాలే. ఒక దీపం తల వంచితే దాని నీడ పక్క దీపం మీదా, నేల మీదా, తన ఒంటి మీదా పడుతుంది. చేతితో బొమ్మ వేసేవాడు నీడను కంటితో అంచనా కట్టి వేస్తాడు. కంప్యూటర్‌కు కన్ను లేదు. వెలుగు ఉన్న చోటు నుంచి చూస్తే ముందు ఏది ఉంది, దాని వెనుక ఏది దాగింది అని ప్రతి చుక్కకూ లెక్క కట్టాలి. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు కావాలి. రెండు నిమిషాలకు 2,880 బొమ్మలు. కెమెరాను కదిలించకుండా ఒకే చోట ఉంచి, నేల తప్ప మరే హంగూ పెట్టకపోవడం ఈ భారం తగ్గించుకోవడానికే.

తీరా జిమ్ బ్లిన్ అడిగింది నీడల గురించి కాదు. 'ఆ పెద్ద దీపం తల్లా, తండ్రా?' అని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్నతో తన పని నెరవేరిందని లాసెటర్‌కు అర్థమైంది. అంతటి నిపుణుడు లెక్కల్ని మరచి పాత్రల వెంట పడ్డాడు. ఈ ముచ్చటను లాసెటర్ తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

మన పల్లెల్లో తోలుబొమ్మలాట చూసినవారికి ఇది కొత్త కాదు. తెర వెనుక దీపం ఉందనీ, బొమ్మ మేకతోలుదనీ అందరికీ తెలుసు. కాని కేతిగాడు, బంగారక్క తెర మీదికి వచ్చాక తోలు ఎక్కడిదని ఎవరూ అడగరు. వాళ్ల పోట్లాట ఎక్కడికి పోతుందా అనే చూస్తారు.

కళాకారుల బెంగ

ఆ ప్రశ్నకు అంత విలువ ఎందుకు వచ్చిందో తెలియాలంటే అప్పటి పరిస్థితి తెలియాలి. కంప్యూటర్ వస్తే తమ పొట్ట కొడుతుందని చేతితో బొమ్మలు వేసే కళాకారులు భయపడుతున్న రోజులవి. లాసెటర్ స్వయంగా డిస్నీ సంస్థలో బొమ్మలు వేసినవారు. కంప్యూటర్ సాయంతో ఒక చిత్రం తీద్దామని ప్రతిపాదించి ఉద్యోగం పోగొట్టుకున్నారు. పిక్సార్‌కు అప్పటికి నిండా ఏడాది లేదు. జార్జ్ లూకాస్ సంస్థలోని కంప్యూటర్ విభాగాన్ని 1986 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ కొనగా వేరుపడిన సంస్థ అది. దాని వ్యాపారం సినిమాలు కాదు, బొమ్మలను చూపే ఖరీదైన కంప్యూటర్లు అమ్మడం. సరుకు సత్తా చూపడానికే చిన్న చిత్రాలు తీసేవారు.

కాని ప్రేక్షకులు సరుకును చూడలేదు. బిడ్డను చూశారు. ఆ బిడ్డకు ప్రాణం పోసింది కంప్యూటర్ కాదు, బొమ్మలు వేసే చేతి అనుభవం. సహోద్యోగి ఒకరు తన పసివాడిని ఆఫీసుకు తీసుకువచ్చినప్పుడు లాసెటర్ ఆ పిల్లవాడి తల, ఒళ్లు, చేతుల కొలతలు గమనించారు. దీపానికి బిడ్డ పుడితే ఎలా ఉంటుందని ఆలోచించారు. కడ్డీలను పొట్టి చేశారు. బల్బును మాత్రం తగ్గించలేదు. బల్బు అంగట్లో కొనేది, అది ఎదగదు కదా అన్నది ఆయన వాదన! గెంతే ముందు ఒంగడం, గెంతాక ఒక క్షణం ఆగడం, బాధ కలిగితే మెడ వాల్చడం, ఇవన్నీ చేతితో బొమ్మలు వేసేవారు ఏళ్ల తరబడి సాధించిన సూత్రాలే. వాటిని కంప్యూటర్ బొమ్మలకు ఎలా వాడాలో వివరిస్తూ 1987 సిగ్‌గ్రాఫ్ సదస్సుకు ఆయన ఒక వ్యాసం కూడా రాశారు.

రంగులు పోయినా తెలియలేదు

ఇటువంటి అనుభవం అంతకు రెండేళ్ల ముందే ఒకటి జరిగింది. 1984లో మినియాపొలిస్‌లో జరిగిన ఇదే సదస్సులో 'ఆంద్రే, వాలీ బి' అనే చిత్రాన్ని చూపించారు. ఒక మనిషి బొమ్మ, దాన్ని తరిమే ఒక తేనెటీగ, ఇదీ కథ. సదస్సు నాటికి పని పూర్తి కాలేదు. చేసేది లేక కొన్ని చోట్ల రంగులు లేకుండా ఉత్త గీతల బొమ్మలతోనే తెర మీదికి పంపారు. పరువు పోతుందని ఆ విభాగం పెద్ద ఎడ్ క్యాట్‌మల్ బెంగపడ్డారు. తీరా చూస్తే, ఆయన పలకరించినవారిలో చాలామందికి రంగులు పోయిన సంగతే తెలియలేదు! కథలో పడి గమనించలేదన్నారు.

ఇక 'లక్సో'కు కథ కుదరడం వెనుక కూడా ఒక ప్రేక్షకుడే ఉన్నాడు. దీపం కదలికలతో చేసిన తొలి ముక్కలను లాసెటర్ బెల్జియం తీసుకువెళ్లి చూపించినప్పుడు, ఆ దేశపు ప్రసిద్ధ చిత్రకారుడు రావుల్ సెర్వే కథ సంగతి అడిగారు. ఇంత చిన్నదానికి కథేమిటని లాసెటర్ అంటే, పది సెకన్లలోనైనా కథ చెప్పవచ్చని ఆ పెద్దమనిషి హితవు చెప్పారు. ఆ మాట వృథా పోలేదు.

ముఖం ఉన్నా మెచ్చలేదు

ప్రేక్షకులు అన్నింటికీ చప్పట్లు కొట్టారనుకుంటే పొరపాటే. 1988లో పిక్సార్ తీసిన 'టిన్ టాయ్'లో ఒక పసివాడున్నాడు. కళ్లు, బుగ్గలు, నోరు, కారే చొంగతో సహా అన్నీ పెట్టారు. వాడికి భయపడి పారిపోయే రేకు బొమ్మ కథ అది. 1989లో ఆస్కార్ అవార్డు పొందింది. కంప్యూటర్ యానిమేషన్ చిత్రానికి ఆ అవార్డు రావడం అదే మొదలు. అయినా ఆ పసివాడి ముఖం చూసి చాలామంది మొహం చిట్లించారు. ముద్దు రావలసిన చోట ఎబ్బెట్టుగా ఉందన్నారు. వారికి ముద్దొచ్చింది రేకు బొమ్మే.

దీనికి జపాన్ ఆచార్యుడు మసహిరో మోరి 1970లోనే ఒక కారణం చెప్పారు. బొమ్మ మనిషిని పోలుతున్నకొద్దీ మనకు దగ్గరవుతుంది. కాని పోలిక పూర్తి కావడానికి కొంచెం ముందు, ఆ కొరవడిన కొంచెమే కొట్టొచ్చినట్టు కనిపించి వెగటు పుడుతుందని ఆయన అన్నారు. ముఖమే లేని దీపంలో ప్రేక్షకులు తమ బిడ్డల ముఖాలు పెట్టుకుని చూశారు. ముఖం ఉన్న పసివాడిలో ఆ వీలు లేకపోయింది.

ఇంకా గెంతుతూనే ఉంది

'లక్సో జూనియర్' 1987 ఆస్కార్ పోటీలో నిలిచింది. అవార్డు మాత్రం బెల్జియం చిత్రం 'ఎ గ్రీక్ ట్రాజెడీ'కి దక్కింది. 1995లో పిక్సార్ పూర్తి నిడివి చిత్రం 'టాయ్ స్టోరీ' వచ్చింది. 2014లో 'లక్సో జూనియర్'ను అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చారు. పిక్సార్ చిత్రాల మొదట్లో గెంతుతూ వచ్చి, పేరులోని ఒక అక్షరాన్ని తొక్కి, ఆ చోట నిలబడి మన వైపు చూసే దీపం ఆ బుల్లిదే.

నాటి కంప్యూటర్లు పాత సామాను అయిపోయాయి. అంతకు మించిన బొమ్మలను నేడు ఇంటి కంప్యూటర్లే గీస్తున్నాయి. నోటితో చెబితే బొమ్మ గీసే యంత్రాలూ వచ్చాయి. కళాకారుల బెంగ కూడా మళ్లీ వచ్చింది. కొత్త బొమ్మ ఏది వచ్చినా అందులో పస ఎంతో తేల్చుకోవడానికి డల్లాస్ ప్రేక్షకులు చూపిన కొలబద్ద ఒకటి ఉంది. మీ ఇంట్లో పిల్లలకు చూపించండి. 'దీన్ని ఎలా చేశారు?' అని అడిగితే మంచిదే, చదువుకుంటారు. 'తరువాత ఆ బుల్లిదానికి ఏమైంది?' అని అడిగితే మాత్రం, ఆ బొమ్మ వెనుక ఒక మనిషి ఉన్నట్టు లెక్క.