అడగకుండానే చేసి చూపే పిల్లలు

మీకు తెలుసా? నూజివీడు మామిడి తోటలకు ఎంతో దూరం లేని గుడివాడలోనే 1987లో కోనేరు హంపి పుట్టింది. తండ్రి అశోక్ గారు ఒకరోజు చదరంగం ఆటను విశ్లేషించుకుంటుంటే, చిన్నపిల్ల పక్కనుంచి ఒక ఎత్తు చెప్పింది. ఆయన దాన్ని ముద్దుమాటగా కొట్టిపారేయలేదు. తర్వాత ఉద్యోగం మానుకుని మరీ శిక్షణ ఇచ్చారు. 2002లో, 15 ఏళ్ళ 1 నెల 27 రోజులకే హంపి గ్రాండ్‌మాస్టర్ అయింది.

మరో చిన్నారి తొలి కచేరీ జరిగింది కూడా గుడివాడలోనే! 1978లో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ళ పాలకొల్లు కుర్రాడు మాండలిన్ వాయించాడు. అతడే ఉప్పలపు శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడుతుంటే పిల్లవాడు విని వాయించేవాడు. తనకు రాని వాద్యంలోనూ శిష్యుడి సత్తా పట్టుకున్న ఆ గురువుకు చేతులెత్తి మొక్కాలి.

ఇద్దరి విషయంలోనూ పరీక్ష పెట్టి ప్రతిభను కనిపెట్టినవాళ్ళు ఎవరూ లేరు. దగ్గరున్నవాళ్ళు చూశారు, అంతే.

పరీక్షలు ఎంతవరకు నమ్మొచ్చు? అమెరికాలో లూయిస్ టెర్మన్ 1921లో మొదలుపెట్టిన ప్రసిద్ధ అధ్యయనానికి ఐక్యూ చాలలేదని వదిలేసిన పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. తర్వాత ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, 1956లో ఒకరికి, 1968లో మరొకరికి.

మరి మన కంటికి ఏం కనబడాలి? వేసవిలో నూజివీడు దగ్గరి ఆగిరిపల్లి, ముసునూరు వైపు మామిడి తోటల్లో కోత సాగుతుంటుంది. పెద్దవాళ్ళు కాయలు ట్రేల్లో సర్దుతుంటే, పక్కనే నాలుగేళ్ళ పిల్ల రాలిన కాయలతో ఆడుకుంటోందనుకోండి. రసాలు ఒక కుప్ప, బంగినపల్లి ఒక కుప్ప, మచ్చపడ్డవి వేరే కుప్ప. మచ్చపడ్డ రసం కాయ చేతికి రాగానే ఆగిపోయింది. "అమ్మా, ఇది రెండిట్లోనూ ఉండాలి కదా, ఎక్కడెయ్యను?" ఎండలో పనిచేస్తున్న తల్లికి జవాబు చెప్పే తీరిక ఉండదు. కానీ ఆ ప్రశ్న మామూలుది కాదు.

ఎవరూ నేర్పకుండా అక్షరాలు పోల్చుకోవడం, ఎప్పుడో వెళ్ళిన ఊరి దారి చెప్పడం, ఒకే పనిలో గంటసేపు మునిగిపోవడం, పెద్దపిల్లలతోనే జత కట్టడం కూడా గమనించదగ్గవే. ఒక్కటి చూసి తేల్చేయకూడదు, పదేపదే కనిపిస్తుంటే పట్టించుకోవాలి.

ఇంకో సంగతి: బుర్ర పరుగెత్తినంత వేగంగా వేళ్ళు సాగవు. లెక్క నోటితో టకటకా చెప్పే పిల్లాడి దస్తూరీ కోడిగీతల్లా ఉండొచ్చు. తెలిసిన పాఠమే మళ్ళీ చెబితే విసుగుపుట్టి అల్లరి చెయ్యొచ్చు. వాడికి మొద్దు అనో, ఆకతాయి అనో పేరు పడిపోవడం చూస్తే బాధేస్తుంది.

ఇలాంటి పిల్లలకు తర్వాత దారి లేకపోలేదు: నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. పల్లె పిల్లలు పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ చదువుకు అందులో చేరొచ్చు. ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు మార్కులూ కలుపుతారు. చాలా మంచి ఏర్పాటు, కాకపోతే అక్కడికి చేరేసరికి పిల్లలకు పదిహేనేళ్ళు వస్తాయి. ఆ నాలుగేళ్ళ పిల్లను ఇప్పుడే చూడగలిగేది తల్లి, అమ్మమ్మ, అంగన్‌వాడీ టీచర్. పిల్ల అడిగిన ప్రశ్నను, తేదీ వేసి, ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే, బడిలో చేర్చేనాడు పంతులమ్మకు చూపించొచ్చు.