వేగంగా చదవడం ఎప్పుడు? నిదానించడం ఎప్పుడు?

"భౌతికశాస్త్రం పాఠం అరగంటలో చదివేశాను మాస్టారూ!" అన్నాడు మా తరగతి కుర్రవాడొకడు. బాయిల్ నియమం చెప్పమన్నాను. "పీడనం రెట్టింపైతే వాయువు ఘనపరిమాణం సగమవుతుంది" అన్నాడు. "వాయువును వేడి చేస్తూ పీడనం రెట్టింపు చేస్తే?" అన్నాను. "అప్పుడూ సగమే!" అన్నాడు. నియమంలోని "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అనే మాటలను అతని కన్ను దాటిపోయింది. మార్కులు పోయేది ఇలాంటి చోటే సుమా!

అసలు మన కన్ను ఎలా చదువుతుంది? ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ స్నేహితుణ్ణి పుస్తకం చదవమని, ఎదురుగా కూర్చుని అతని కళ్లను గమనించండి. అవి వరుస వెంట నీళ్లలా జారవు. మిడతలా గెంతుతాయి, ఆగుతాయి, మళ్లీ గెంతుతాయి. ఈ సంగతిని 1870ల చివర ఫ్రెంచి నేత్రవైద్యుడు లూయీ ఎమీల్ జవాల్ లోకానికి తెలియజేశాడు. ఒక్కొక్క చోట కన్ను దాదాపు పావు సెకను ఆగుతుంది. చదవడమంతా ఆ ఆగినప్పుడే జరుగుతుంది. గెంతేటప్పుడు కొత్త అక్షరాలు మనకు అందవు.

మరి ఒక్క చూపులో పేజీ అంతా చదవలేమా? చేయి చాచి బొటనవేలి గోరు చూడండి. ఇంచుమించు అంత మేరలోనే మన చూపు బాగా స్పష్టంగా ఉంటుంది. కారణం, సన్నని వివరాలను గుర్తించే కణాలు నేత్రపటలం మధ్యనున్న చిన్న గుంటలో కిక్కిరిసి ఉంటాయి. పక్కలకు పోయేకొద్దీ పలచబడతాయి. ఈ వాక్యంలో ఏదో ఒక మాట మీదనే చూపు నిలిపి, నాలుగు మాటల అవతల ఏముందో చదవడానికి ప్రయత్నించండి. మీకే తెలుస్తుంది.

అమెరికాలో 1959లో ఎవెలిన్ వుడ్ అనే ఉపాధ్యాయురాలు వేగపఠన శిక్షణ ప్రారంభించింది. చేతిని పేజీ మీదుగా కిందికి జరుపుతూ చదివితే నిమిషానికి వేల మాటలు చదవవచ్చని ఆ పద్ధతివారు చెప్పారు. మామూలుగా ఇంగ్లీషు వచ్చిన పెద్దలు నిమిషానికి 200 నుంచి 300 మాటలు చదువుతారు. కీత్ రేనర్, ఆయన సహచరులు ఈ పరిశోధనలన్నిటినీ సమీక్షించి, 2016లో వెలువడిన వ్యాసంలో తేల్చింది ఇదే: వేగం బాగా పెంచితే అర్థం కావడం తగ్గుతుంది. తెలిసిన విషయమైతే సారాంశం దొరకవచ్చు. కొత్త విషయమైతే వివరాలు జారిపోతాయి. అర్థంకాని చోట కన్ను వెనక్కి వెళ్లడం కూడా లోపం కాదు. అది తప్పు దిద్దుకునే పద్ధతి.

అయితే వేగం పనికిరాదా? పనికొస్తుంది. బస్సు డ్రైవరును చూడండి. చదునైన రోడ్డు మీద వేగంగా పోతాడు, కనుమ దారిలో గేరు మార్చి నిదానిస్తాడు. మీరూ అలాగే చేయండి.

మొదట అయిదు నిమిషాలు పాఠం మొత్తం వేగంగా తిరగేయండి. శీర్షికలు, పటాలు, చివరి ప్రశ్నలు చూడండి. తరువాత శీర్షికలను ప్రశ్నలుగా మార్చండి. "బాయిల్ నియమం" అని ఉంటే, "అది దేని గురించి? ఏ పరిస్థితిలో వర్తిస్తుంది?" అని రాసుకోండి. ఇక పెన్సిలు పట్టి నిదానంగా చదవండి. నిర్వచనం, సూత్రం, ప్రమాణం, పటం వచ్చినచోటల్లా ఆగండి. "అయితే", "మాత్రమే", "స్థిర" వంటి చిన్న మాటల కింద గీత గీయండి. సూత్రంలోని ప్రతి అక్షరం దేనికి గుర్తో చెప్పుకోండి. ఆ తరువాత పుస్తకం మూసి, చదివింది సొంత మాటల్లో రాయండి. చివరికి పుస్తకం తెరిచి సరిచూసుకోండి. ఇటువంటి పద్ధతినే అమెరికాలో ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1946లో విద్యార్థులకు వివరించాడు.

పుస్తకం మూసి రాయడం వృథా శ్రమ అనుకోకండి. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులపై ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు. కొందరు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. అయిదు నిమిషాల తరువాత మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత మాత్రం రాసినవారే ఎక్కువ గుర్తుంచుకున్నారు. పరీక్ష చదివిన అయిదు నిమిషాలకే రాదు కదా!

మా కుర్రవాడు ఆ పాఠాన్ని ఇలా మళ్లీ చదివాడు. ఈసారి అరగంట కాదు, రెండు గంటలు పట్టింది. మర్నాడు వచ్చి, "మాస్టారూ, వేడి చేస్తే ఆ నియమం ఒక్కటే చాలదండీ, ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో కూడా తెలియాలి" అన్నాడు. మీరూ ఈ రాత్రి ఒక పాఠంతో ప్రయత్నించి చూడండి.