ఓరుగంటి కోటలో సారస్వతోత్సవము

పండుగ యనగానే మనకు పిండివంటలును పసుపుకుంకుమలును తలపునకు వచ్చును. భాషకును ఏటేట నొక పండుగ కలదని మా కొత్తగూడ ప్రాంతపు సోదరీమణులలో పలువు రెఱుంగరు. అడవుల నడుమ నున్న మాకు గుంజేడు ముసలమ్మ జాతరయు, మేడారమును తెలిసినంతగా ఓరుగంటి సాహిత్యసభలు తెలియకుండుట వింత గాదు. అయినను 1944లో అచ్చట జరిగిన యొక వార్షికోత్సవ వృత్తాంతము మన యాడువారు తప్పక వినదగినది.

నాడు నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధ ఉర్దూలోనే జరుగుచుండెను. తెలుగుబిడ్డ తల్లి నేర్పిన మాటను బడి గడపకు వెలుపలనే విడిచి లోని కేగవలసి వచ్చెడిది. సభ జరుపవలెనన్న గస్తీ నిషాన్ 53 అను నుత్తరు వడ్డము వచ్చెడిది. అట్టి దినములలో, 1943లో, హైదరాబాదున నిజాము రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు వెలసినది. మఱుసటి యేట వార్షికోత్సవమునకై ఓరుగంటి కోటలో పందిరి వేసిరి. రజాకారు మూకలు దానికి నిప్పు పెట్టినవి.

పందిరి కాలిన పెండ్లి నిలిచినదని మనము గుండెలు బాదుకొందుము. ఓరుగంటివా రట్లు చేయలేదు. కాళోజీ నారాయణరావుగారు మొదలైనవారు పట్టుపట్టి సభ సాగించిరి. కాలిన పందిరి బూడిదమీదనే కవిసమ్మేళనము జరిగినది! దానిని నడపిన దాశరథి కృష్ణమాచార్యులకు అప్పటి కింకను ఇరువదేండ్లు నిండలేదు. ఆయన 1925 జూలై 22న మా మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరున జన్మించెను. తరువాత నిజామాబాదు చెఱసాలలో కాగితము దొరకక గోడమీద బొగ్గుతో పద్యములు వ్రాసినవాడును ఈయనయే.

అయితే పరిషత్తు మనకు చేసిన మేలు సభలకన్న పరీక్షలలో నెక్కువగా కలదని మా యభిప్రాయము. ప్రాథమిక, ప్రవేశ, విశారద యని యవి మెట్టుమెట్టుగా నుండెను. బడికి పోనివారును ఇంట చదువుకొని కూర్చుండవచ్చును. ఉత్తీర్ణులైనవారు తెలుగు పండితులుగా కొలువులు పొందిరి. మేము తండ్రిగారి యొద్ద భాగవతమును, వసుచరిత్రమును చదివినవారము. "ఏమి చదివితి వమ్మా?" యని యెవరైన నడిగినపుడు చూపుటకు కాగితము లేని చిన్నతన మెట్టిదో మాకు తెలియును. ఆ బాధ యెఱిగినవారికే యీ పరీక్షల విలువ తెలియును.

ఆ పరిషత్తు నేడు తెలంగాణ సారస్వత పరిషత్తను పేర హైదరాబాదున నున్నది. కాళోజీగారి జన్మదినమైన సెప్టెంబరు 9 తేది 2014 నుండి తెలంగాణ భాషాదినోత్సవముగా జరుపబడుచున్నది. ఈ కాలపు సభలలో శాలువలు పెరిగి, పద్యము వినువారు తగ్గిరని మా యింటి పంతులుగారి ఫిర్యాదు. అందు కొంత నిజము లేకపోలేదు.

దాశరథి జయంతి నాటుల కాలమున వచ్చును గనుక మా యూర పగలు సభకు వీలుపడదు. మాపు వంటలు ముగిసిన పిమ్మట పదిమందిమి కూడి చదువుకొనుటకు మా యింటి వసారా చాలును. చాపలు మాత్ర మెవరివి వారు తెచ్చుకొనవలెను.