గ్రాఫిక్స్ కార్డును కంటితో గుర్తించుట

బంగారము కొనువాడు అమ్మువాని మాటను మాత్రమే నమ్మడు. గీటురాతిపై గీసి చూచును. కంప్యూటరు విషయమునను ఇట్టి పరీక్ష అవసరము. తెరపై బొమ్మలను కల్పించు గ్రాఫిక్స్ కార్డు పేరేమని అడిగినచో కంప్యూటరే జవాబు చెప్పును. కాని ఆ జవాబు కార్డుమీది చిన్న చిప్పులో వ్రాసియున్న సమాచారమునుండి వచ్చును. ఆ వ్రాతను మార్చి, పాత కార్డును క్రొత్త పేరుతో అమ్ము మోసగాండ్రు కలరు. అందువలననే జీపీయూ-జడ్ అను తనిఖీ ప్రోగ్రాములో, నకిలీ ఎన్విడియా కార్డులను పసిగట్టు ఏర్పాటును 2018లో చేర్చిరి. వ్రాతను మార్చుట సులభము. కార్డు నిర్మాణమును మార్చుట అంత సులభము కాదు. కావున దానిని చూచి గుర్తించుట ఎట్లో తెలిసికొందము.

మొదట పెట్టెను విప్పకుండ వెనుకవైపు చూడుడు. నిలువుగా నిలిపిన పెట్టెలో, మానిటరు తీగను తగిలించు పోర్టు యూఎస్‌బీ పోర్టులతో కలిసి పైభాగమున ఒకే గుంపులో ఉన్నచో, అది మదర్‌బోర్డుకు చెందినది. అంతకు దిగువ, అడ్డముగానున్న లోహపు పట్టీపై అట్టి పోర్టులున్నచో ప్రత్యేకమైన కార్డు కలదని గ్రహింపవలెను.

పోర్టులు కాలమునుగూడ సూచించును. మూడు వరుసలలో 15 రంధ్రములుగల వీజీఏ 1987లో వచ్చినది. డీవీఐ 1999లోను, హెచ్‌డీఎంఐ 2002లోను, డిస్‌ప్లేపోర్టు 2006లోను వెలువడినవి.

పెట్టెను విప్పునపుడు ఉపాధ్యాయులు దగ్గర నుండవలెను. కంప్యూటరును ఆపి, విద్యుత్ తీగను ఊడదీసి, పవర్ బటనును కొన్ని సెకనులు నొక్కి ఉంచవలెను. పిదప పెట్టె లోహభాగమును తాకవలెను. ఏలన, మన శరీరముమీది స్థిరవిద్యుత్తు చిప్పులను పాడుచేయగలదు. స్లాటు చివరనున్న మీటను వదులుచేసి, కార్డును అంచులతో పట్టుకొని తీయవలెను.

ఇప్పుడు విద్యుత్తు వచ్చు మార్గములను చూడుడు. పొడవైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటునుండి కార్డుకు 75 వాట్లవరకు లభించును. కార్డుపై 6 పిన్నుల కనెక్టరు కూడ ఉన్నచో మరియొక 75 వాట్లు, 8 పిన్నులదైనచో 150 వాట్లు చేరును. ఏ కనెక్టరును లేని కార్డు 75 వాట్లకు మించి వాడునట్లు నిర్మింపబడలేదని తెలిసిపోవును.

ఒక ఉదాహరణమును తీసికొందము. జీటీఎక్స్ 1050 టీఐ అను ఎన్విడియా కార్డు 2016లో వచ్చినది. 2010లో వచ్చిన జీటీఎస్ 450 వంటి పాత కార్డుకు ఈ పేరు తగిలించి అమ్మినారనుకొనుడు. కంప్యూటరు క్రొత్త పేరునే చూపును. అయినను మూడు గుర్తులు నిజమును చెప్పగలవు.

మొదటిది వీజీఏ పోర్టు. 1050 టీఐ చిప్పులో వీజీఏకు కావలసిన అనలాగ్ సంకేతమును పుట్టించు ఏర్పాటే లేదు. కావున ఆ పేరుగల కార్డుపై వీజీఏ పోర్టు కనబడినచో అనుమానింపవలెను.

రెండవది చిప్పుపై చెక్కిన పేరు. 1050 టీఐలో జీపీ 107 అనియు, జీటీఎస్ 450లో జీఎఫ్ 106 అనియు ఉండును.

మూడవది తయారీ సంఖ్య. చిప్పుపైనున్న నాలుగు అంకెలలో మొదటి రెండు సంవత్సరమును, తక్కిన రెండు వారమును తెలుపును. 1116 అనగా 2011వ సంవత్సరములో 16వ వారము. 2011లో తయారైన చిప్పు 2016 నాటి కార్డులోనిది ఎట్లగును?

చిప్పును చూచుటకు దానిపైనున్న వేడిని లాగు లోహపు దిమ్మను తొలగింపవలెను. తొలగించినచో మధ్యనున్న థర్మల్ పేస్టును తుడిచి, క్రొత్తది పూసి బిగింపవలెను. లేనిచో చిప్పు మితిమీరి వేడెక్కును. వారంటీ పోవుటయు కలదు. కావున ఇది చివరి పరీక్ష; తక్కిన గుర్తులు అనుమానము కలిగించినపుడే చేయదగినది.

కార్డు వెనుక అంటించిన చీటీపై మోడలు సంఖ్య ఉండును. కాని చీటీని ఊడదీసి మరియొకటి అంటింపవచ్చును. ఒక్క గుర్తు అనుమానమును కలిగించును. పలు గుర్తులు ఒకే మాట చెప్పినపుడు నిర్ణయము కుదురును. శాస్త్రపరిశీలన అంతయు ఇట్టిదే గదా! మీ పాఠశాలకు పాత కంప్యూటర్లు కొనునపుడు, సొమ్ము చెల్లింపకముందే వాని వెనుకభాగములను పరిశీలింపుడు.