మంచాన పడితేనే లెక్కా?

ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగులు ఇంటింటికీ వెళ్లి పింఛను చేతికిచ్చే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో స్థిరపడిపోయింది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు మగ్గాల వీధుల్లోనూ, జమ్మలమడుగు దగ్గరి పెన్నా ఒడ్డు పల్లెల్లోనూ, పులివెందుల చీనీ తోటల మధ్యనున్న ఊళ్లలోనూ పెద్దలున్న పేదింటి నెలసరి లెక్క ఆ తేదీతోనే మొదలవుతుంది. 2024 జూలై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా పేరుతో అమలవుతున్న ఈ పథకం కింద వృద్ధులకు, వితంతువులకు, చేనేత కార్మికులకు నెలకు 4,000 రూపాయలు, వైకల్యం ధ్రువపడినవారికి 6,000, కిడ్నీ జబ్బు, తలసీమియా వంటి కొన్ని దీర్ఘవ్యాధులకు 10,000, తీవ్రమైన పక్షవాతంతోనో కండరాల క్షీణతతోనో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి 15,000 చొప్పున అందుతోంది. ఈ వరసలో డిమెన్షియా వచ్చిన మనిషికి చోటెక్కడ, ఆ మనిషిని రాత్రింబగళ్లు కాచుకునే భార్యకో కోడలికో చోటెక్కడ అన్న ప్రశ్నకు పథకం పత్రాల్లో సూటి జవాబు దొరకదు.

డిమెన్షియా అంటే వయసుతో పాటు వచ్చే మామూలు మరపు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, దారి గుర్తుపట్టే శక్తి, డబ్బు లెక్క, చివరికి సొంత ఒంటి శుభ్రత కూడా ఒక్కొక్కటిగా చేజారిపోయే మెదడు జబ్బులన్నిటికీ అది ఉమ్మడి పేరు. వీటిలో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్, దాన్ని జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో తొలిసారి వివరించాడు. మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది మరొక రకం, బీపీ, షుగరు అదుపు తప్పితే దానికి దారి సుగమమవుతుంది. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం కూడా ఒక్కోసారి ఇదే రూపంలో కనిపించి మందులతో తగ్గుతాయి కాబట్టి, ముసలితనపు చాదస్తమని ఇంట్లోనే సరిపెట్టుకున్న కుటుంబం నయమయ్యే జబ్బును సైతం వదిలేసుకునే ప్రమాదం ఉంది. దేశవ్యాప్త వృద్ధాప్య అధ్యయనం ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది; మగవారికన్నా ఆడవారిలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఇది ఎక్కువని అదే అధ్యయనం తేల్చింది.

ఇంతమందిలో ప్రభుత్వ సాయం దాకా వెళ్లగలిగినవారు ముందు దాటవలసిన గడప సదరం శిబిరం. వైకల్యం ఎంత శాతమో వైద్యుల చేత తేల్పించి ధ్రువపత్రం ఇచ్చే ఈ వ్యవస్థలో కాలో కన్నో పోయినవారిని కొలవడం కొంత తేలిక. మనసుకు సంబంధించిన వైకల్యాన్ని కొలవడానికి మాత్రం భారత మనోవైద్యుల సంఘం 2002లో రూపొందించిన ‘ఐడియాస్’ అనే కొలమానాన్ని వాడతారు, డిమెన్షియాను కూడా దాని పరిధిలోకి తీసుకున్నారు. తన పని తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట చెప్పడం అర్థం చేసుకోవడం, ఇంటిపనో బతుకుతెరువో సాగించడం అనే నాలుగు అంశాల్లో ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా అంకె వేసి, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో దాన్ని బట్టి మరో నాలుగు దాకా కలుపుతారు. మొత్తం 20లో 7 వస్తే వైకల్యం 40 శాతానికి చేరినట్టు, అంటే సాయానికి తలుపు తెరుచుకున్నట్టు.

కాగితం మీద ఈ పద్ధతిలో తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు, కానీ బల్ల ముందు కూర్చున్నప్పుడు జరిగేది వేరు. డిమెన్షియా తొలి, నడిమి దశల్లో ఉన్న పెద్దాయన తెల్లటి పంచె కట్టుకుని వచ్చి, డాక్టరుకు దణ్ణం పెట్టి, ఊరి పేరూ తండ్రి పేరూ తడుముకోకుండా చెప్పి, పంటలెట్లా ఉన్నాయంటే వానలు లేవని కూడా అనగలడు. పొద్దున తిన్నదేమిటో, పక్కనున్న కొడుకు ఎక్కడ పనిచేస్తున్నాడో అడిగితే తప్ప లోపం బయటపడదు. పాత జ్ఞాపకాలూ మర్యాదలూ చాలాకాలం నిలిచి కొత్తవి ముందుగా పోవడం ఈ జబ్బు లక్షణం కనుక, పది నిమిషాల పరీక్షలో అతను ఆరోగ్యవంతుడిగా తేలి, అతన్ని తీసుకొచ్చిన భార్యే లేనిపోనివి చెబుతున్నట్టు కనిపించే వీలుంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం వైకల్య పింఛన్లను వైద్య బృందాలతో మళ్లీ తనిఖీ చేయించింది. అనర్హుల ఏరివేత కోసం జరిగే అలాంటి తనిఖీల్లో రోగి మాటకన్నా ఇంట్లో చూసుకునే మనిషి మాటను వాంగ్మూలంగా రాసుకునే పద్ధతి లేకపోతే డిమెన్షియా రోగులకు న్యాయం జరగదు.

అసలు చిక్కు 15,000 రూపాయల శ్రేణిలో ఉంది. లేవలేని ఒంటికి తోడు కావాలని ప్రభుత్వం గుర్తించడం మెచ్చుకోదగ్గదే, అయితే డిమెన్షియా ఉన్న ఇంటికి అన్నిటికన్నా కష్టమైన కాలం రోగి మంచాన పడకముందు ఏళ్లది: అతను నడవగలడు, కాబట్టి అర్ధరాత్రి గడియ తీసుకుని రోడ్డెక్కుతాడు, పొయ్యి వెలిగించగలడు, కాబట్టి గ్యాసు తిప్పి మరిచిపోతాడు. గుంటమగ్గం మీద చీర నేస్తున్న భార్య తలుపు చప్పుడైనప్పుడల్లా నాడె వదిలి లేవాలి, గడియను అతనికి అందనంత పైకి మార్పించాలి, వారంలో తెగవలసిన చీర రెండు వారాలు పట్టినా కూలి మాత్రం చీర లెక్కనే వస్తుంది. నష్టమంతా ఈ దశలో జరుగుతుంటే పెద్ద మొత్తం సాయం ఆ దశ దాటి రోగి కదలలేని స్థితికి చేరాక గానీ అర్హతలోకి రాదు.

ఈ పొరపాటు ఆంధ్రప్రదేశ్ ఒక్కటే చేసింది కాదు. 1995లో దీర్ఘకాలిక సంరక్షణకు ప్రత్యేక బీమా తెచ్చిన జర్మనీ కూడా స్నానం, తిండి, కదలిక వంటి ఒంటి పనులకు ఎన్ని నిమిషాల సాయం కావాలో లెక్కగట్టి మూడు శ్రేణులు పెట్టింది. ఒంటితో బాగుండి మతి తప్పినవారు ఆ లెక్కకు అందకపోవడంతో మధ్యలో చిన్న చిన్న సవరణలు చేసి, చివరికి 2017లో కొలమానాన్నే మార్చి, తెలివికీ ప్రవర్తనకూ అంకెలు వేసే ఐదు శ్రేణులు తెచ్చింది. అక్కడ ఇంట్లోనే ఉండే రోగికి నగదు ఇస్తారు, అది చూసుకునే బంధువు చేతికి చేరుతుంది. నిర్ణీత గంటలు చూసుకునే బంధువు పేరిట వృద్ధాప్య పింఛను చందాను కూడా బీమా సంస్థే కడుతుంది. కడప జిల్లా చేనేత ఇంటికి జర్మనీ బీమాను ఎత్తుకొచ్చి అతికించడం కుదరదు, కానీ ‘ఐడియాస్’ వంటి కొలమానం చేతిలో ఉండగా పెద్ద పింఛను అర్హతను మంచానికే కట్టేయడానికి కారణం కనబడదు.

చూసుకునే మనిషి సంగతి మరీ విచిత్రం. 2010లో వచ్చిన భారత డిమెన్షియా నివేదిక ఈ జబ్బు వల్ల దేశానికయ్యే ఖర్చు ఏటా సుమారు 14,700 కోట్ల రూపాయలని అంచనా వేసి, అందులో సగానికి మించి ఇంటివాళ్లు జీతం లేకుండా చేసే చాకిరీ విలువేనని తేల్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ తోడ్పాటు అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇచ్చే పథకం ఉండాలని స్పష్టంగానే చెప్పింది. ఆ మాటను పట్టించుకున్న రాష్ట్రాలు తక్కువ. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ అనే పథకం మంచాన పడ్డవారినీ తీవ్రమైన మానసిక వైకల్యం ఉన్నవారినీ చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు మంజూరు చేస్తుంది, మొత్తం చిన్నదే గాని డబ్బు సంరక్షకుల పేరున రావడం అందులోని విశేషం. బ్రిటన్ ఇలాంటి భత్యాన్ని 1976లో మొదలుపెట్టినప్పుడు, ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అని పెళ్లయిన స్త్రీలను మినహాయించింది. మతి తప్పిన తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన జాక్వెలిన్ డ్రేక్ యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లి 1986లో గెలిచాక గానీ ఆ మినహాయింపు తొలగలేదు.

ఇక్కడి ప్రభుత్వానికి ఈ ఆలోచన బొత్తిగా కొత్తదని కూడా అనలేం. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి కట్టించిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా 2007లో తెచ్చిన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల పథకం, ఆపరేషను గానీ మంచం అద్దె గానీ లేని డిమెన్షియా దాని చూపుకు ఆనదు. అయితే 2019 డిసెంబరులో దానికి తోడుగా వచ్చిన ఆరోగ్య ఆసరా, ఆపరేషన్ తర్వాత ఇంట్లో కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా చెల్లించే ఏర్పాటు చేసింది. జబ్బు వల్ల పోయే కూలికి ప్రభుత్వం వెల కట్టగలదని దానితో రుజువైంది. రోగి కూలికి కట్టిన ఆ వెలను రోగిని కాచుకునే మనిషి కూలికి కూడా వర్తింపజేయడం ఒక అడుగు మాత్రమే.

కేంద్రం ఇచ్చే గ్రాంట్ల దారి వేరు. అటల్ వయో అభ్యుదయ యోజనలోని వృద్ధుల సమగ్ర కార్యక్రమం కింద, అల్జీమర్స్, డిమెన్షియా ఉన్న కనీసం 20 మందిని చూసుకునే ఆశ్రమాలకు స్వచ్ఛంద సంస్థల ద్వారా నిధులిస్తారు. ఇల్లు వదిలి వచ్చినవారికి అది మేలే గాని, వదలనివారికి అందులో పైసా రాదు. సంరక్షకులకు వారానికి ఒకటి రెండు రోజులైనా ఊపిరి పీల్చుకునే వీలిచ్చే పగటి సంరక్షణ కేంద్రాలను కేరళ ‘స్మృతిపథం’ కింద త్రిసూర్ జిల్లా కున్నంకుళంలో నడిపి చూసింది. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి ఆనుకుని అలాంటిది ఒకటి వచ్చినా చుట్టుపక్కల మండలాలకు ఉపయోగపడుతుంది.

డిమెన్షియా పేరును స్పష్టంగా రాసి కుటుంబానికి డబ్బు మిగిల్చిన నిబంధన మాత్రం దేశంలో ఎప్పటి నుంచో ఉంది, అది 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80డీడీబీ సెక్షన్‌తో వచ్చింది. దాని కింది నియమం 40 శాతం దాటిన నరాల జబ్బుల జాబితాను డిమెన్షియాతోనే మొదలుపెట్టి, పెద్దల చికిత్స ఖర్చు మీద లక్ష రూపాయల దాకా మినహాయింపు ఇచ్చింది. బెంగళూరులో జీతం తీసుకునే కొడుకు దాన్ని వాడుకోగలడు. ప్రొద్దుటూరులో మగ్గం మీదున్న అతని తల్లికి పన్ను కట్టేంత ఆదాయమే ఉండదు కనుక, ఆమె పట్టుకు తిరగవలసిన కాగితం ఇప్పటికీ భర్త పేరున ఉన్న సదరం పత్రమే.