లంకెబిందెలు కావు, డంపు అసలే కాదు

పాల్వంచలో పెద్ద రోడ్డు వదిలి కిన్నెరసాని వైపు మళ్లాక ఒక టీ కొట్టు దగ్గర కారు ఆపాను. కొట్టు పక్కనే చింతచెట్టు. ఫోన్ ఎన్ని అడుగులు తప్పు చూపిస్తుందో తేల్చుకుందామని అక్షాంశ రేఖాంశాలు చూసుకుంటూ ఆ చెట్టు చుట్టూ నాలుగడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ వేస్తున్నాను. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన కాసేపు చూసి, గ్లాసు కింద పెట్టి అడిగాడు.

“ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?”

“ఏం లేదు తాతా, ఆట.”

“ఒక్కడివే ఆడేదా?” అని నవ్వి, ఫోన్ వంక అనుమానంగా చూశాడు. “లంకెబిందెల మిషిన్ గాదు గదా అది?”

ఆయన్ని తప్పుపట్టలేం. నేనాడే ఈ జియోక్యాషింగ్ పేరు విన్నవాళ్లలోనే సగం మందికి ఇదే అనుమానం. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, ఆ పైన సరిహద్దు అడవి దాకా ఒంటరిగా కారేసుకుని వెళ్లొచ్చాక, ఈ ఆట మీదా ఈ దారి మీదా ఎన్ని అపోహలున్నాయో తెలిసొచ్చింది. కొన్ని ఊరివాళ్లవి. ఎక్కువ మాత్రం మనలాంటి ప్రయాణికులవే.

అపోహ: క్యాష్ అన్నారంటే లోపల డబ్బో నిధో ఉంటుంది.

ఇది చెవి చేసిన తప్పు. ఆ ‘క్యాష్’ నగదు కాదు. దాచిపెట్టిన సామానుకు వాడే మాట అది. 2000 మే మొదటి రోజుల దాకా అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే చెడగొట్టి ఇచ్చేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ కళ్లెం తీసేసిన వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్ రాష్ట్రంలో ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను దాచి, అది ఉన్న చోటి అంకెలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో పుస్తకాలు, ఒక బీన్స్ డబ్బా వగైరా, ఒక లాగ్‌బుక్కు. దొరికినవాళ్లు ఏదైనా తీసుకోవచ్చు, బదులుగా ఏదైనా పెట్టాలి, పేరు రాయాలి. ఆట మొత్తం ఇంతే. ఇప్పుడు ప్రపంచమంతా పాకింది కానీ డబ్బాలో దొరికేది ఇప్పటికీ ఒక కాగితపు చుట్ట, మహా అయితే పిల్లల బొమ్మ.

ఉల్మర్ తన బకెట్‌ను చాలావరకు నేలలో పూడ్చే పెట్టాడు. తర్వాత వచ్చిన నియమాలు తవ్వడాన్నీ, డబ్బాలో తినే వస్తువులు పెట్టడాన్నీ నిషేధించాయి. మన వైపు ఈ తవ్వకూడదన్న నియమం ప్రాణావసరం. పినపాక మండలం జానంపేట దగ్గరి రాక్షస గుళ్ల లాంటి బృహత్ శిలాయుగపు సమాధుల దగ్గర, పాడుబడ్డ గుళ్ల దగ్గర పలుగూ పారా పట్టుకున్న కొత్తమొహం కనిపిస్తే ఊరు ఊరంతా గుప్తనిధుల ముఠా అనుకుంటుంది. ఒకవేళ నిజంగానే నేలలో నిధి దొరికినా అది వెంటనే మీదైపోదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉంటే కలెక్టరుకు చెప్పాల్సిందే.

అపోహ: అడవి ఎవరి సొత్తూ కాదు, డబ్బా ఎక్కడైనా దాచొచ్చు.

ఈ అపోహ దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే నవ్వులపాలై ఊరుకోం, ప్రాణాల మీదికే వస్తుంది.

భద్రాచలం, చర్ల, చింతూరు వైపు వార్తలు చదివేవాళ్లకు ‘డంపు’ అన్న మాట కొత్త కాదు. అడవిలో మావోయిస్టులు దాచిన సామానును పోలీసులు, విలేకరులు పిలిచే పేరది. దాచిన సామాను! అంటే క్యాష్‌కు ఈ ప్రాంతంలో అచ్చమైన అనువాదం ఎప్పటినుంచో ఉంది, అర్థమే వేరు. టిఫిన్ బాంబు అన్న మాటా ఇక్కడివాళ్లకు తెలుసు. ఇక మూత బిగించి, టేపు చుట్టి, చెట్టు మొదట్లో రాళ్ల కింద పెట్టిన స్టీలు డబ్బాను పశువుల కాపరి చూశాడనుకోండి, దాన్ని ఆటవస్తువు అనుకుంటాడా? 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ ఊళ్లో వీధిలో దాచిన ఇలాంటి డబ్బానే చూసి జనాన్ని ఖాళీ చేయించి, బాంబు నిర్వీర్య దళంతో పేల్పించారు. అక్కడ మందుపాతర్ల చరిత్ర కూడా లేదు.

మన దగ్గర ఉంది. 2025 ఏప్రిల్‌లో, ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు మండలాలకు ఆనుకుని ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఉన్న కర్రెగుట్టల మీద మందుపాతర్లు పెట్టామనీ, జనం అటు రావద్దనీ మావోయిస్టులే ప్రకటన ఇచ్చారు. ఆ వెంటనే భద్రతా బలగాలు ఆ గుట్టలను చుట్టుముట్టి వారాల తరబడి గాలించాయి. అప్పటికీ ఇప్పటికీ పరిస్థితి మారింది నిజమే. నేలలో ఉన్నదానికి మాత్రం వార్తలు అందవు. తారు రోడ్డు దిగి కాలిబాట పట్టే ముందు అడగాల్సింది ఫోన్‌ను కాదు, ఊరివాళ్లను.

చట్టం సంగతీ చూద్దాం. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. పాల్వంచ పక్కనే 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం ఉంది, దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అదనం. ప్రజల రోడ్డు మీద పోతే ఎవరూ ఆపరు. రోడ్డు వదిలితే అటవీశాఖ చీటీ కావాలి. అశ్వాపురం దగ్గరి భారజల కర్మాగారం ప్రహరీ చుట్టూ ఫోన్ పట్టుకుని తిరగడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: డబ్బా లేకపోతే ఆటే లేదు.

అసలు రుచి ఇక్కడే ఉంది. 2004లో మొదలైన ‘ఎర్త్‌క్యాష్’ అనే రకంలో డబ్బా ఉండదు. ఒక చోటికి వెళ్లాలి, అక్కడి నేలనో రాయినో నీటినో చూసి, అది చూస్తే తప్ప చెప్పలేని ప్రశ్నలకు జవాబు రాయాలి. దాచేది లేదు, తవ్వేది లేదు, భయపెట్టేదీ లేదు. నన్నడిగితే ఈ అడవి అంచుకు ఇదొక్కటే తగిన ఆట.

దీనికి మన జిల్లాలకన్నా మంచి మైదానం ఎక్కడుంది? ఇల్లెందు వైపు వెళ్లండి. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టింది ఆ పరిసరాల్లోనే. 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న చిన్న ఊరి పేరే తర్వాత కంపెనీ పేరై సింగరేణిగా స్థిరపడింది. కోట్ల ఏళ్ల కిందటి గోండ్వానా అడవుల చెట్లు బురదలో కూరుకుపోయి మిగిల్చిన ఆస్తి అది. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి వేడి నీళ్లు ఉబికాయి. ఆ వేడితో కరెంటు తీయడానికి 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు కూడా పెట్టారు. నీళ్లు ఎందుకు వేడెక్కాయి? ఎర్త్‌క్యాష్ ప్రశ్నకు ఇంతకన్నా ఏం కావాలి!

భద్రాచలంలో గుడి మెట్లు దిగి గోదారి ఒడ్డుకు రండి. నీటిమట్టం కొలిచే అంకెలు కనిపిస్తాయి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. ఎండాకాలంలో, ఇసుక మేటల మధ్య నీటి పాయ చిన్నదై పోతున్నప్పుడు, ఒడ్డున నిలబడి ఆ 75 అడుగుల ఎత్తు ఎక్కడిదాకా వస్తుందో కళ్లతో కొలిచాను. తల పైకెత్తాల్సి వచ్చింది. ఇంకాస్త ఎత్తాల్సి వచ్చింది. రామదాసు కీర్తనల ఊరిని ఇలా ఎప్పుడూ చూడలేదు.

దుమ్ముగూడెం ఆనకట్ట ఇంకో చోటు. ఆర్థర్ కాటన్ కాలంలో గోదారి మీద పడవలు ఎగువకు నడిపించాలన్న కలకు మిగిలిన రాతి గుర్తు అది. కల నెరవేరలేదు.

అపోహ: సిగ్నల్ పోతే జీపీఎస్ కూడా పోతుంది.

పోదు. జీపీఎస్ ఆకాశంలోంచి వినడమే తప్ప మాట్లాడదు. ఇరవై వేల కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహాల్లో కనీసం నాలుగు వినిపిస్తే చాలు, మీరెక్కడున్నారో ఫోన్ లెక్కగట్టుకుంటుంది. పోయేది మ్యాపు. చింతూరు దాటాక సగం తెర తెల్లబోయేది అందుకే. బయల్దేరేముందే మ్యాపు దించుకుంటే ఆ గొడవ ఉండదు. ఖాళీ ఆకాశం కింద ఫోన్ అయిదు మీటర్ల అటూ ఇటూగా చూపిస్తుంది, వానాకాలపు టేకు వనంలో ఆ లెక్క చెదిరిపోతుంది. ఇక అది చూపించే దగ్గరి దారి ఎండాకాలపు దారి. జూలైలో అదే దారికి అడ్డంగా వాగు ఉంటుంది, లో లెవల్ వంతెన నీళ్ల కింద ఉంటుంది.

అమెరికా నుంచి వచ్చే మనవాళ్లకు ఒక మాట. అక్కడ కొండలెక్కేటప్పుడు వెంట తీసుకెళ్లే శాటిలైట్ మెసెంజర్‌ను ఇక్కడికి తేవద్దు. శాటిలైట్ ఫోన్ల లాగే దానికీ టెలికాం శాఖ అనుమతి కావాలి, లేకపోతే కేసు. మామూలు జీపీఎస్ రిసీవర్‌కు ఆ బాధ లేదు.

అపోహ: భద్రాచలం నుంచి పర్ణశాల దాకా ఒకటే రాష్ట్రం.

ముప్పై అయిదు కిలోమీటర్లకు మించని ఆ దారిలో మధ్యలో ఆంధ్రప్రదేశ్ వచ్చి పోతుంది. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాది, ఆ తర్వాత 2016 దాకా ఖమ్మానిది. 2014లో పోలవరం కోసం మండలాలు ఆంధ్రకు వెళ్లినప్పుడు ఊరు తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న ఎటపాక వంటి గ్రామాలు అటు పోయాయి. సొంత బండికి పర్మిట్ అక్కర్లేదు. అడవిలోకి అనుమతి కావాలంటే మాత్రం ఏ రాష్ట్రపు అటవీశాఖను అడగాలో ముందు తేల్చుకోవాలి.

అపోహ: ఏజెన్సీలో దారి కాచి డబ్బులు గుంజుతారు.

తొలకరి రోజుల్లో చింతూరు వైపు వెళ్లినవాళ్లు చెప్పే కథ ఇది. రోడ్డుకడ్డంగా ఒక కర్ర, దాని వెనక పది మంది ఆడవాళ్లు, పాట. నగరం నుంచి వచ్చినవాడు అద్దాలు ఎక్కించుకుంటాడు. అది కోయల భూమి పండగ, విత్తే ముందు చేసుకునేది. ఆ రోజుల్లో మగవాళ్లు వేటకు అడవిలోకి వెళ్తారు, ఆడవాళ్లు దారి మీద బళ్లు ఆపి చందా అడుగుతారు. అద్దం దించి, పదో ఇరవయ్యో ఇస్తే కర్ర లేస్తుంది. ఫోటో తీసుకోవాలంటే అడిగి తీసుకోండి. అడక్కుండా తీస్తే వచ్చే కోపం న్యాయమైనదే.

అపోహ: ఒంటరి ప్రయాణమంటే ఎవరికీ చెప్పకుండా పోవడం.

సినిమాలు నేర్పిన ముచ్చట. ఏ దారిన వెళ్తున్నానో, ఏ పూటకు ఎక్కడుంటానో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి. చీకటి పడేలోపు భద్రాచలమో కొత్తగూడెమో చేరండి. దోమల మందు మర్చిపోవద్దు, ఏజెన్సీ మలేరియా తమాషా కాదు. ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పచెట్ల కిందికి ముచ్చటపడి పోకండి. రాలిన పువ్వు కోసం మనుషుల కన్నా ముందు ఎలుగుబంటి వస్తుంది.

తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే టీ కొట్టు దగ్గర ఆగాను. పెద్దాయన అదే బెంచీ మీద ఉన్నాడు. “దొరికిందా?” అన్నాడు. ఇల్లెందు దారిలో తవ్విన గట్టులో కనిపించిన నల్లటి పొర ఫోటో గర్వంగా చూపించి, బొగ్గు అన్నాను. ఫోన్ చేతిలోకి తీసుకుని, కళ్లకు దూరంగా పెట్టి చూశాడు.

“బొగ్గు గాదు బిడ్డా, షేలు. పొయ్యిల ఏస్తే అంటుకోదు. నేను ముప్పయ్యేండ్లు బాయిల జేసిన.”

ఫోన్ తీసుకుని, లాగ్‌లో రాసుకున్న ‘బొగ్గు పొర’ కొట్టేశాను.